సముద్రంలో గుచ్చిన సూది

మా ఇంట్లో గుండుసూదులు నిలవవు. నేను దర్జీని, మా ఆయన పుస్తకాల బైండరు. ఇద్దరం కుట్టేవాళ్ళమే, నాది బట్ట, ఆయనది కాగితం. ఎవరి సూదులు వాళ్ళవి, ఎవరి దారాలు వాళ్ళవి. లేకపోతే రోజూ యుద్ధమే. కానీ నా రంగు తలల గుండుసూదుల దగ్గర మాత్రం ఆయన మొదట్నుంచీ దొంగే. ప్రపంచంలో ఏ మూలనో పెద్ద అథ్లెటిక్స్ పోటీలు జరపబోతున్నారని వార్త రావడం ఆలస్యం, నా డబ్బాలోంచి ఒక సూది మాయమయ్యేది. అది వెళ్ళి గోడ మీది పటంలో ఆ నగరం నెత్తిన కూర్చునేది.

ఆ పటం ఆయన స్వహస్తాలతో చేసుకున్నదే. పుస్తకాలకి వేసే మందపాటి అట్టలు ఒకదాని మీద ఒకటి అంటించి, పైన ప్రపంచ పటాన్ని ఒక్క ముడత లేకుండా పరిచి, అంచులకి గుడ్డ పట్టీ వేసి, నా మిషను పక్క గోడకి బిగించారు. జరిగిపోయిన పోటీలకి ఎర్ర తల సూది, జరగబోయేవాటికి పచ్చ తల సూది. ఎర్రవాటి మీద ఆయనకి పెద్ద ధ్యాస లేదు. పచ్చవంటేనే ప్రాణం. ఏ నగరానికి ఇచ్చారు, ఏ నగరం పోటీపడి ఓడిపోయింది, స్టేడియం ఊరి మధ్యలో కడతారా ఊరవతల కడతారా, ఆ నెలలో అక్కడ వానలుంటాయా, ట్రాకుకి ఏ రంగు వేస్తారు, ఇవన్నీ నేను కాలరు తిప్పుకుంటూ ఉండగా నా చెవిలో పోసేవారు. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చిన కుర్రాడి వాలకం. నాకేమో పరుగంటే బస్సు కోసం పరిగెత్తడం తప్ప ఇంకోటి తెలీదు.

"ఎప్పుడో ఏళ్ళ తర్వాత జరిగేవాటికి ఇప్పట్నుంచీ ఈ హడావుడేంటండీ?" అనేదాన్ని.

"జరిగేటప్పుడు ఎవరైనా చూస్తారే. ముందునుంచీ ఎదురుచూడ్డంలోనే ఉంది మజా," అనేవారు.

అలా పటం చూసుకుని సంబరపడే మనిషి, ఒక రేవు నగరం పేరు టీవీలో చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇన్నాళ్ళకి మనకందే దూరంలో పెట్టారే! రైలు దిగి ఓడెక్కితే చాలు. ఈసారి ఇద్దరం వెళ్తున్నాం."

"మధ్యలో నేనెందుకు?"

"నువ్వు లేకుండా నేనెక్కడికైనా వెళ్ళానా?"

ఆ ఒక్క మాటకి నేను మెత్తబడిపోయాను. పోటీలకి ఇంకా ఏళ్ళున్నాయి కదా, ఒప్పుకుంటే పోయేదేముందని సరేనన్నాను. ఆయన నా డబ్బాలోంచి పచ్చ తల సూది తీసుకుని, ఆ రేవులో గుచ్చారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక ప్లీడరుగారి కోటు నా ప్రాణం తీసింది. మనిషి కుదురుగా నిలబడడు, కొలతకో వంక పెడతాడు. భుజం దగ్గర మడత పట్టి ఉంచడానికి సూది కావాలి, డబ్బాలో ఒక్కటీ లేదు. చెయ్యి చాస్తే పటం అందింది. పచ్చ తల సూది ఊడబీకి ప్లీడరుగారి కోటు భుజానికి గుచ్చాను. ప్లీడరుగారు వెళ్ళాక, కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక, ఉన్నచోటే అనుకుని ఉజ్జాయింపుగా మళ్ళీ పటానికి గుచ్చేశాను.

ఆ సాయంత్రం పక్కింటి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వీధంతా అతన్ని ఫ్యూజు అంటుంది. ఏం చెడిపోయినా చూడకుండానే "ఫ్యూజు పోయింది" అని తేల్చేసే రకం. మా ఆయన్ని అన్నయ్యా అని, నన్ను వదినా అని పిలుస్తాడు.

"ఎక్కడన్నయ్యా పోటీలు జరిగే ఆ ఊరు? చూపించు," అన్నాడు.

మా ఆయన పటం దగ్గరికి వెళ్ళి, అట్ట మీద చెయ్యి జరుపుకుంటూ పోయి పచ్చ సూది మీద వేలు పెట్టారు. "ఇదిగో. చూడు, రేవు ఎంత ముచ్చటగా లోపలికి వంగిందో! స్టేడియం సరిగ్గా ఈ వంపు పక్కనే."

"అన్నయ్యా, అది సముద్రం కదా?"

"నీ మొహం. సముద్రం ఇటుంది," అని మా ఆయన నవ్వుతూ వేలు పక్కకి జరిపారు. అక్కడ నేల ఉంది.

ఫ్యూజు నా వంక చూశాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. సూది నడిసముద్రంలో ఉంది. చుట్టూ అరచేతి మేర నీలం తప్ప ఏమీ లేదు. "అయ్యో, నేనే తప్పు గుచ్చాను," అని నవ్వబోయాను. మా ఆయన నా మాట వినిపించుకోకుండా మళ్ళీ ఆ నీలం మీదే వేలు పెట్టి, రేవు గురించీ ఓడల గురించీ చెబుతూనే ఉన్నారు.

ఫ్యూజు ఏదో పని ఉందని వెళ్ళిపోయాడు. నేను మిషను ఆపాను.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

ఆయన సూది మీంచి వేలు తీసేశారు. అప్పుడు నాకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. తలుపు రెక్కకి భుజం కొట్టుకోవడం, టీ గ్లాసు బల్ల అంచున పెట్టి పడేయడం, ఓపిక లేదంటూ సూదిలో దారం నా చేత ఎక్కించుకోవడం. నేను అన్నిటికీ పరధ్యానం అని పేరు పెట్టి సణుగుతూ వచ్చాను.

"పక్కలు ఎప్పట్నుంచో కనబడ్డం లేదు," అన్నారు చివరికి. "ఇప్పుడు ఎదురుగా ఉన్నదీ మసకేస్తోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ప్రయాణం మానేద్దామంటావని."

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నాలోంచి ముందు కోపమే బయటికొస్తుంది. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి, మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ మంచి మనిషి. తొందరపడకుండా, అర్థమయ్యేట్టు చెప్పింది. కంటి నరం దెబ్బతింటోంది, మందులతో ఆ వేగం తగ్గించవచ్చు, పోయిన చూపు మాత్రం రాదు. "ఆ పోటీల నాటికి ఎలా ఉంటుందమ్మా?" అని నేనే అడిగాను. వెలుగు, నీడ తెలియవచ్చు, అదీ గట్టిగా చెప్పలేనంది.

ఇంటికి రాగానే మా ఆయన తడుముకుంటూ పచ్చ సూది పీకి నా డబ్బాలో వేశారు. "నీ సూది నీకిచ్చేశాను. ఇక దొంగతనాలుండవులే," అన్నారు. సరదాగా అన్నట్టే అన్నారు.

తర్వాత ఆయన పని మానలేదు. కాగితాలు మడవడం, కుట్టడం, జిగురు రాయడం అన్నీ ఆ చేతులకి కంఠతా వచ్చు. కానీ టీవీలో ఆటల వార్తలు రాగానే లేచి బయటికి వెళ్ళిపోయేవారు. ఏ నగరానికి ఏ పోటీలిచ్చారో నా చెవిలో పోసేవాళ్ళు లేక, మిషను చప్పుడు ఒక్కటే వినిపించేది. ఆ వాగుడు కోసం నేను మొహం వాచిపోతానని ఎన్నడూ అనుకోలేదు.

మా అమ్మాయి ఫోన్ చేసింది. అత్తారింట్లో ఉంటుంది, తండ్రంటే ప్రాణం. "పోనీలే అమ్మా, ఇప్పుడు నాన్నకి ఏం కనిపిస్తుందని అంత దూరం తీసుకెళ్తావ్?" అంది.

"నాకు కనిపిస్తుంది కదే. నేను చెప్తాను."

"నీకా? పరుగు గురించి నీకేం తెలుసమ్మా?"

"నేర్చుకుంటాను," అని ఫోన్ పెట్టేశాను. నోరు జారిన మాట కాదది.

మా ఆయన మొదట ప్రయాణానికి ఒప్పుకోలేదు. నేను తిండి దగ్గరా నిద్ర దగ్గరా జోరీగలా వదల్లేదు. మా పేటలో కాలేజీ మైదానం ఉంది, అక్కడ తరచూ పందేలు జరుగుతాయి. "ఒక్కసారి రండి. నచ్చకపోతే ఇక అడగను," అన్నాను.

"వస్తాను, ఒక్క షరతు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నా మనసు కోసం ఏదన్నా కల్పించావో, లేచొచ్చేస్తా."

"మీరు మాత్రం నా దగ్గర దాచొచ్చేం?"

ఆయన తలదించుకున్నారు. "ఇక మీదట ఇద్దరికీ అదే షరతు," అన్నారు.

మొదటిసారి పరువు పోయింది. మెట్ల మీద కూర్చుని గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "నీలం బనీను, తెల్ల పట్టీ. చంక దగ్గర కుట్టు పట్టేసింది, పాపం..."

"కుట్టు గోల ఎవడిక్కావాలే! ముందెవరున్నారు?"

నేను తలెత్తి వెతికేసరికి పందెం అయిపోయి, వాళ్ళు నీళ్ళు తాగుతున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన దారంతా మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఊరుకుంటాననుకున్నారేమో, నా సంగతి ఇన్నేళ్ళైనా తెలీనట్టు.

ఆ రోజునుంచి మిషను తొక్కుతూ సాధన మొదలుపెట్టాను. గుమ్మంలోంచి కనబడే సైకిళ్ళకీ స్కూటర్లకీ పందెం కట్టి గట్టిగా చెప్పేదాన్ని. "సైకిలు ముందు, స్కూటరు వెనక, ఇదిగో దాటేసింది, పాలాయన అడ్డొచ్చాడు!" జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు నాకు మతి చలించిందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవారు. ఫ్యూజు తీరిక దొరికినప్పుడు పక్కన కూర్చుని, లైను అంటే ఏంటి, రిలేలో కర్ర ఎక్కడ అందుకోవాలి, వంపు దగ్గర ఎవరు ముందున్నారో ఎలా పోల్చాలి, అన్నీ చెప్పాడు. లోపల కాగితాలు మడుస్తున్న మా ఆయన ఒకసారి ఉండబట్టలేక, "వాడు చెప్పేది తప్పు. బయటి లైనువాళ్ళు మొదట్లో ముందున్నట్టే కనిపిస్తారు!" అని అరిచారు. మేమిద్దరం ముసిముసిగా నవ్వుకున్నాం.

మళ్ళీ పందేలున్న రోజున నేనే ముందు తయారయ్యాను. ఆడపిల్లల రిలే. ఈసారి నాకు నాలిక తడబడలేదు. "రెండో లైను ముందుందండీ. కర్ర అందించింది. అందుకుంది! నాలుగో లైను దగ్గరికొచ్చేస్తోంది. అయ్యో, చివరి లైను పిల్ల కర్ర జారవిడిచింది!"

"శబ్దం విన్నాను. తర్వాత?"

"వెనక్కి పరిగెత్తి తీసుకుంది. మళ్ళీ పరుగందుకుంది. నిక్కరు నడుం దగ్గర ఎలాస్టిక్ తెగినట్టుందండీ, ఒక చేత్తో నిక్కరు పట్టుకుంది, రెండో చేత్తో కర్ర పట్టుకుంది. చేతులు ఊపకుండా ఎలా పరిగెడుతుందీ? అయినా ఆగడం లేదు. పళ్ళు బిగబట్టింది. జడ ఊడిపోయి మొహం మీద పడుతోంది, ఊదుకుంటోంది. వంపు తిరిగింది. అవతల పిల్ల చెయ్యి చాచి అలాగే నిలబడే ఉంది చూడండి, వెళ్ళిపోలేదు. ఇచ్చింది! ఇచ్చేసింది!"

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలీదు. చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు మండుతున్నాయి. మా ఆయన నా కొంగు పట్టి కిందకి లాగారు.

"సరే, గెలిచిందెవరు?"

మైదానం వంక చూశాను. గెలిచినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయినట్టున్నారు.

"చూడలేదండీ," అన్నాను.

చుట్టూ కూర్చున్నవాళ్ళు గొల్లున నవ్వారు. మా ఆయన నవ్వలేదు, అలాగే ఉన్నారు. ఇక లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఉన్నట్టుండి ఆయన భుజాలు కదిలాయి. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆస్పత్రికి వెళ్ళొచ్చాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

"ఏదో ఒక లైను పేరు చెప్పేస్తే నాకు తెలిసేదా?"

"షరతు పెట్టింది మీరేగా."

"అవును, నేనే," అన్నారు. నా వైపు జరిగి, "ఆ నిక్కరు పట్టుకున్న పిల్ల సంగతి మళ్ళీ చెప్పు. వంపు దగ్గర్నుంచి," అన్నారు.

ఇంటికొచ్చేసరికి ఫ్యూజు వాళ్ళ అరుగు మీద ఉన్నాడు. మా ఆయన అక్కడే ఆగి, ఆ పిల్ల ఎలా పరిగెత్తిందో, జడ ఎలా ఊదుకుందో చేతులు తిప్పుతూ చెప్పారు. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పారు. ఆ పూట నాకు అసూయ కూడా కలిగింది.

లోపలికొచ్చాక నా డబ్బా తెరిచిన చప్పుడైంది.

"ఇందులో పచ్చ తలది ఏదే?"

వెతికి తీసి ఆయన వేళ్ళలో పెట్టాను. ఆయన పటం దగ్గరికి వెళ్ళారు. ఏ ఎర్ర సూది ఎక్కడుందో వేళ్ళకి తెలుసు. ఒక సూది మీంచి ఇంకో సూది మీదికి చెయ్యి జరుపుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి, పచ్చ సూది మొన ఆనించారు.

"సరిగ్గా ఉందా?" అన్నారు.

సరిగ్గా లేదు. ఒడ్డుకి వేలెడు దూరంలో, నీలంలో ఉంది. ఆయన మొహం నా వైపు తిరిగి ఉంది, కొత్త బట్టలు వేసుకుని అద్దం ముందు నిలబడ్డ మనిషి మొహంలా. ఊఁ అంటే అయిపోతుంది. ఎవరికీ తెలీదు, ఎవరికీ నష్టం లేదు. ఆ ఊఁ నా గొంతు దాకా వచ్చింది.

"లేదండీ. సముద్రంలో ఉంది," అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. కానీ సూది వదల్లేదు.

"ఎటు జరపాలి?"

"పైకి. ఇంకాస్త. కొంచెం కుడికి. ఆఁ, అక్కడే. గుచ్చండి."

బొటనవేలితో తల లోపలికంటా నొక్కారు. ఆ తర్వాత సూది చుట్టూ పటాన్ని తడిమి చూశారు. నేలా నీరూ అన్నీ ఒకేలా నున్నగా ఉన్నాయి.

"నువ్వు పక్కన లేనప్పుడు నాకెలా తెలుస్తుంది? జీన్సు కుట్టే లావు దారం ఉందిగా నీ దగ్గర. ఒడ్డు పొడుగునా కుట్టెయ్, వేలికి తగులుతుంది."

"అంత మందం అట్టలో నా సూది దిగదు."

ఆయన లోపలికెళ్ళి తన దబ్బనం తెచ్చి నా చేతిలో పెట్టారు. పుస్తకాలకి తప్ప దేనికీ ముట్టుకోనివ్వని దబ్బనం. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తన సూదిని నాకివ్వడం అదే మొదలు.

"ఈ ఒక్క ఒడ్డుకేనా?" అన్నాను.

"అన్నిటికీ. ఆ తర్వాతి పోటీలు ఎక్కడ పెడతారో ఎవరికి తెలుసు?"

"దారం ఏ రంగు వెయ్యను?" అని అలవాటు కొద్దీ అడిగేసి, నాలిక కరుచుకున్నాను.

"నీ ఇష్టం. ఏ రంగు వేస్తున్నావో చెప్తే చాలు," అన్నారు, నా పక్కకి కుర్చీ లాక్కుంటూ.

"నారింజ రంగండీ," అని చెప్పి, దబ్బనంలోకి దారం ఎక్కించాను.