తాలు లేని కవరు

మా అత్తమ్మ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆమె చేతికి చేట దొరక్కూడదు. సూపర్ మార్కెట్‌ నుంచి ప్యాకెట్లో వచ్చిన కందిపప్పునైనా చెరగనిదే డబ్బాలో పోయనివ్వదు. మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లుంది. వడ్లను తాలుతో సహా పరాయివాళ్లకు చూపించడమంటే మా అత్తమ్మ ఆండాళమ్మగారి దృష్టిలో తల దువ్వుకోకుండా పెళ్లికి వెళ్లడమే.

నా కూతురు అలేఖ్య వ్యవసాయంలో పీజీ చేస్తోంది. కోదాడ దగ్గర బీరన్న అనే రైతు మడిలో యాసంగికి రెండు రకాల వరి వేయించింది. ఒకటి మామూలుది. రెండోది అదే వరి, కాకపోతే కణాల్లో క్రోమోజోములను రెట్టింపు చేసింది. ఆకు మందం, గింజ లావు. పూత మీదున్నప్పుడు ఎండ ముదిరితే పుప్పొడి దెబ్బతిని గింజ పాలు పోసుకోదు, తాలుగా మిగిలిపోతుంది. రెట్టింపు క్రోమోజోములున్న మొక్క ఆ వేడికి ఎక్కువ ఓర్చుకుంటుందా అన్నదే అలేఖ్య ప్రశ్న. ఏ రకంలో ఎంత తాలుందో లెక్కపెడితేనే జవాబు తెలుస్తుంది.

బోటనీ చదివిన తల్లినని ఇదంతా నాకు విడమరిచి చెప్పింది. నానమ్మకు చెప్పలేదు.

బీరన్న కంకులు రాల్చి, రెండు కవర్లలో పోసి పంపాడు. అలేఖ్య వాటిని సూర్యాపేటలో మా ఇంటి సోఫా మీద పెట్టి, విప్పకుండానే తలస్నానానికి వెళ్లింది. అత్తమ్మ విప్పింది.

"ఏందే గిరిజా, గింత తాలున్న వడ్లు పట్టుకపోయి సార్లకు సూపిస్తదా? మిల్లోళ్ల పిల్లంటే నవ్వరా?" అని చేట అందుకుంది.

ఆపాలి. నోరు తెరిచాను కూడా. అంతలోనే ఓ పాడు ఆలోచన వచ్చింది. పెళ్లైన నాటి నుంచి నా వంటనూ నా పెంపకాన్నీ చెరుగుతున్న మనిషి, ఇవాళ మనుమరాలి చేతిలో నాలుగు మాటలు పడితే చూడాలని. ఛాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.

లావు గింజల కవరు చెరగడం అయింది. తాలంతా మోరీ కాలువలో పడింది. రెండోది మొదలుపెట్టేలోపు నడిగూడెం నుంచి చెల్లెలు ఫోన్ చేయడంతో అత్తమ్మ చేట పక్కన పెట్టింది.

తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన అలేఖ్య, రెండు కవర్లూ పేపర్ల మీద వంచి కేక పెట్టింది. నేననుకున్న కేక కాదు.

"అమ్మా, జర ఇటు సూడు! డబుల్ దాంట్ల తాలే లేదు! మామూలు దాంట్ల సగం తాలే! నా వరి ఎండకు తట్టుకున్నది!"

నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆ తడి తువ్వాలు నా భుజానికి తగిలి ఒళ్లు జలదరించింది.

"ఇంకోసారి సరిగ్గ సూసుకోరాదే," అన్నాను.

"నీకు నా మీద ఎప్పుడు నమ్మకమున్నది గనక! మేడంకు ఫోన్ చేస్తున్న. థీసిస్‌కి ఇది సాలు."

అప్పుడే ఫోన్ ముగించుకుని వచ్చిన అత్తమ్మ గర్వంగా నవ్వింది. "తాలెట్లుంటది బిడ్డా? నేను సెరిగిన కదా! మీ చిన్న నానమ్మ ఫోన్ చెయ్యకుంటే రెండోది గూడ సెరిగేదాన్ని."

అవతల మేడం "హలో" అంటుండగానే అలేఖ్య ఫోన్ కట్ చేసింది. నా వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు గీడనే ఉన్నవ్ కదా?"

తను ఏం చెడగొట్టిందో అత్తమ్మకు తెలియలేదు. ఏదో చెడిందని మాత్రం తెలిసింది. "దాన్నేమనకు బిడ్డా. అది లోపల ఛాయ్ పెడుతుండె. దానికేం తెల్వది."

ఇన్నేళ్లకు ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. అందుకు ఈ రోజే దొరికింది! అబద్ధమూ కాదు, ఛాయ్ నిజంగానే పెట్టాను. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది.

"ఎవర్నడిగి ముట్టినవ్ నానమ్మా? ఆర్నెల్ల కష్టం!" అంది అలేఖ్య.

నేను చూడాలనుకున్నది ఇదే. అత్తమ్మ తలవంచి, పొట్టు అంటిన చేతులను కొంగులో దాచుకుంది. ఎటు చూడాలో నాకే తెలియలేదు.

"ఆమెనెందుకంటవ్," అన్నాను. "నేను సూసిన. నీ లెక్కంత తాలు మీదనే ఉన్నదని ఆమెకు తెల్వది, నాకు తెలుసు. నువ్వు ఆమె మీద లేస్తే సూద్దామని ఊకున్న. తప్పు నాది, అలేఖ్యా."