కాయని చెట్టుకు కొట్టిన మేకు

నేను ఒక ఇనుప మేకును. ఒకరోజు గంగరాజుగారింట్లో పొద్దుటి టీలు ఆలస్యం కావడానికి కారణం నేనేనని అందరూ తేల్చేశారు. నేరం నాది కాదు. వంటింటి గోడకు నన్ను కొట్టిన చోట జల్లెడ ఉండాలని కోడలు స్వరూప, కాలెండరు ఉండాలని అత్త మాణిక్యమ్మ పట్టుబట్టారు. పొయ్యి దగ్గర లేని జల్లెడ ఎందుకని ఒకరు, కంటికి కనపడని కాలెండరు ఎందుకని ఒకరు. రెండూ ఒకదాని మీద ఒకటి తగిలించుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినా, ఓడిపోయినట్టవుతుందని పైకి అనలేదు. చివరికి గంగరాజుగారు పట్టకారుతో వచ్చి నన్ను పీకేశారు. తగువు తీర్చేశానని మీసం సవరించుకున్నారు. గోడకు కన్నం మిగిలింది, నాకు వంకర నడుం మిగిలింది.

నా పుట్టుక గొప్పది కాకపోయినా ఇంత చులకనైందీ కాదు. తీగ మిల్లులో నన్ను తుంచి, ఒక కొస వాడిగా చెక్కి, రెండో కొస మీద ఒక్క దెబ్బతో తల చేశారు. మనుషులకు తల రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది, అది పనిచేయడం మొదలుపెట్టేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. అమలాపురంలో ఒక ఇనుప కొట్లో, గోనెసంచిలో పడి ఉన్నప్పుడు తలుపుకో, మంచానికో, పిల్లల ఉయ్యాలకో పనికొస్తామని మా అందరి ఆశ. చెట్టును భయపెట్టడానికి కూడా మేకులను వాడతారని అక్కడ ఎవరూ చెప్పలేదు.

గంగరాజుగారి పెరట్లో, చేతిపంపు పక్కన, బట్టలుతికే బండను ఆనుకుని ఒక సీతాఫలం చెట్టుంది. స్వరూపది పాలమూరు వైపు ఒక గుట్టల ఊరు. గంగరాజుగారి కొడుకు ఏడుకొండలు వరికోత మిషన్ల మెకానిక్కు. పని మీద అటు వెళ్ళి రెండేళ్ళున్నాడు, ఆమెను చేసుకుని కోనసీమకు తీసుకొచ్చాడు. వచ్చేటప్పుడు ఆమె పుట్టింటి గుట్ట మీది పండు గింజలు కొంగున కట్టుకొచ్చి, ఆ బండ పక్కన నాటింది. అవి మొలిచి, పెరిగి, ఒకటి చెట్టై నిలిచింది. ఆకులు చూస్తే కళ్ళు నిండుతాయి. కాయ మాత్రం లేదు. ఆ ఏడు కాకపోతే పై ఏడు అనుకుంటూ ఏళ్ళు గడిపారు. ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి.

"మీ వైపు చెట్లు ఇంతేనా అమ్మాయ్, తిని కూర్చోడమేనా?" అనేది మాణిక్యమ్మ. నవ్వుతూనే అనేది. కానీ అన్నం వడ్డిస్తూ అనేది, వీధిలో వాళ్ళు వింటుండగా అనేది, కోడలు జొన్నరొట్టె చేసుకున్న ప్రతిసారీ అనేది. చివరికి ఆ చెట్టును చూసినా స్వరూపను చూసినా ఇంటివాళ్ళకు ఒకటే మాట గుర్తొచ్చేది. స్వరూప గుడ్డలు కొంచెం గట్టిగా ఉతికేది.

కాయని చెట్టుకు మేకు కొడితే దెబ్బకు కాస్తుందని ఎదురింటివాళ్ళు చెప్పారు. చెప్పినవాళ్ళ పెరట్లో తులసి కోట తప్ప ఏమీ లేదు. అయినా గంగరాజుగారు నమ్మారు. పాత మేకుల డబ్బాలో పడేసిన నన్ను తీసి, రాతి మీద పెట్టి నా నడుం సరిచేసి, సీతాఫలం మొదట్లో దిగ్గొట్టారు. అప్పటికే దాని కొమ్మకు పాత చెప్పుల జత, అరిగిన చీపురు వేలాడుతున్నాయి. సిగ్గు తెచ్చుకుని కాస్తుందట. పచ్చగా, ఎవరి జోలికీ పోకుండా నిలబడ్డ ప్రాణికి ఇంత అవమానం చేసి, దాని నుంచి తీపి ఆశించే జాతిని నేను మరెక్కడా చూడలేదు.

లోపలికి దిగాక నాకు అసలు సంగతి తెలిసింది. నా చుట్టూ నీరు ఎక్కుతూనే ఉంది. పగలు ఎక్కుతుంది, రాత్రి ఎక్కుతుంది. మాణిక్యమ్మ చెయ్యి పెద్దది. బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, స్నానాల నీళ్ళు, బండ మీంచి జారే నీళ్ళు, అన్నీ ఈ పాదులోకే. కార్తీకం వెళ్ళింది, పుష్యం వెళ్ళింది, మాఘం వచ్చింది. విశ్రాంతి కోరే చెట్టుకు విశ్రాంతి లేదు. వేళ్ళకు నీళ్ళు అందుతున్నంత కాలం అది ఆకు మీద ఆకు వేస్తూనే ఉంది, ఆ ఆకులు మళ్ళీ నీళ్ళు అడుగుతూనే ఉన్నాయి. దాహమంటే ఏమిటో మరిచిపోయిన చెట్టుకు కాయాలన్న తొందర ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒక సాయంత్రం బండ మీద కూర్చుని స్వరూప మొగుడితో అంది, వాళ్ళ గుట్ట మీద ఎండాకాలం సీతాఫలం చెట్లకు ఒక్క ఆకు ఉండదని. ఎవరైనా చూస్తే చచ్చాయనే అనుకుంటారట. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా కనపడుతుందట. నీళ్ళు లేని నెలల్లో ఆకులుంచుకుంటే ఉన్న తడి కూడా ఆవిరైపోతుంది కాబట్టి, చెట్టే తన ఆకులన్నీ వదిలేసి కళ్ళు మూసుకుంటుందట. తొలకరి పడగానే చిగురూ పువ్వూ కలిసి వస్తాయట, మళ్ళీ ఎండలు ముదిరేలోపు పని ముగించుకోవాలి కదా. ఏడుకొండలు అంతా విని, మరి అమ్మతో చెప్పొచ్చు కదా అన్నాడు. నువ్వు చెప్పు అని ఆమె అంది. అతను మిషన్‌కు గ్రీజు పెట్టాలని లేచి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. అదే పెరట్లో అరటి ఉంది. కాలవల సీమలో పుట్టింది కాబట్టి చాపలంత ఆకులు పరిచి, తాగినంత తాగి గాలికి వదిలేస్తుంది. దాన్ని ఎవరూ దుబారా అనరు. కొబ్బరి ఉంది. ఎంత గాలి వచ్చినా ఆకు చీలికల్లోంచి పోనిచ్చి నిలబడుతుంది. సముద్రం ఒడ్డు సరుగుడు ఆకులను దారాలంత సన్నం చేసుకుని ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది. ఏ నేలకు తగ్గట్టు ఆ చెట్టు బతకడం నేర్చుకుంది. చలికి దుప్పటి, ఎండకు గొడుగు, వానకు టార్పాలిన్ పట్టా వేరువేరుగా కొనుక్కునే మనుషులు, చెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నీ ఒకేలా తాగాలని, ఒకేలా కాయాలని అంటారు. గుట్ట మీద పుట్టినదానికి వరిచేను మర్యాద చేసి, అది లొంగలేదని చెప్పుతో కొట్టినంత పని చేస్తారు.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం గొడ్డలి వచ్చింది.

అదొక ఆచారం. కాయని చెట్టు ముందుకు ఒకరు గొడ్డలి పట్టుకుని వచ్చి నరికేస్తానంటారు. ఇంకొకరు అడ్డుపడి, ఈసారికి వదిలేయండి, వచ్చే ఏడు కాస్తుంది అని బతిమాలతారు. చెట్టు వింటుంది, భయపడుతుంది, కాస్తుంది. గొడ్డలి మాణిక్యమ్మ పట్టింది. బతిమాలే వంతు చెట్టు తెచ్చిన మనిషిది కాబట్టి స్వరూపను పిలిచింది. గంగరాజుగారు, ఏడుకొండలు వసారాలో నిలబడ్డారు. ఈ ఏడు కూడా కాయకపోతే ఆ చోట బండికి షెడ్డు వేస్తానని గంగరాజుగారు అప్పటికే అందరితో చెప్పి ఉన్నారు.

మాణిక్యమ్మ గొడ్డలెత్తి, నరికేస్తున్నానని చెట్టుకు చెప్పింది. మాణిక్యమ్మ మళ్ళీ చెప్పింది. స్వరూప తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

"నీ వంతు అమ్మాయ్," అంది మాణిక్యమ్మ మెల్లగా. "వద్దండీ, వచ్చే ఏడు కాస్తుందండీ అనాలి."

"కాయదు అత్తమ్మా."

"ఏంటీ?"

"మీరు గిట్ల నీళ్ళు వోస్తుంటే వచ్చే ఏడు గూడ కాయదు. దాని తరఫున అబద్ధం నేను జెప్ప."

ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆచారంలో ఇలాంటి జవాబు లేదు. బతిమాలితే దించవచ్చు. ఎవరూ బతిమాలకపోతే ఏం చెయ్యాలో పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. ఏడుకొండలు వసారాలోంచి దిగి వచ్చి గొడ్డలి అందుకుని గోడకు చేరేశాడు. గంగరాజుగారు మాత్రం, బతిమాలేవాళ్ళు కూడా లేరు కాబట్టి వచ్చే ఆదివారం మనిషిని పెట్టి కొట్టించేస్తానని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. నా చుట్టూ నీరు మామూలుగానే ఎక్కుతోంది. తన చావు ఖాయమైందని చెట్టుకు తెలియదు, తెలిసినా భయంతో పూసే గుణం దానికి లేదు.

మధ్యాహ్నం వెనక వసారాలో భోజనాలు. నా చోటికి ప్రతి మాటా వినపడుతుంది. పులుసులో ముక్కలు వడ్డించి, స్వరూప కూడా కంచం పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ అందరి తర్వాత తినే మనిషి. ముద్ద కలుపుతూ చెప్పింది.

"బట్టల బండ రేపు పంపుకు అవతలి దిక్కు జరుపుతం. ఆ నీళ్ళన్నీ అరటి పాదుకు పోతయి. చెట్టు ఆకులన్నీ నేనే దూసేస్త. తొలకరి పడేదాకా దానికి చెంబెడు నీళ్ళు గూడ పొయ్యొద్దు."

"ఈ ఎండలకి నిలువునా ఎండిపోద్దమ్మాయ్," అంది మాణిక్యమ్మ. ఆమె గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. ఇన్నేళ్ళూ బిందెలు మోసింది ఆమే.

"ఎండిపోయినట్టే ఉంటది. వానలు పడ్డంక గూడ చిగురు రాకుంటే, గొడ్డలి నేనే పడత. మామా, అంతదాకా మనిషిని పిలవకుండ్రి."

గంగరాజుగారు భార్య వైపు చూశారు. మాణిక్యమ్మ చేపముల్లు తీసి కంచం పక్కన పెట్టింది.

"చేపలు కడిగిన నీళ్ళో?" అంది.

"అవి గూడ అరటికే అత్తమ్మా."

"సరే. షెడ్డు సంగతి వానల తర్వాత చూద్దాంలెండి," అంది మాణిక్యమ్మ, కోడలితో కాదు, మొగుడితో.

ఏడుకొండలుకు అప్పుడు ధైర్యం వచ్చింది. పనిలో పనిగా ఆ చెప్పులూ చీపురూ తీసి పారేస్తానన్నాడు, మేకు కూడా పీకేస్తానన్నాడు. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది.

"మేకు ఉండనీ," అంది స్వరూప. "చుట్టూ బెరడు పట్టేసింది. పీకితే మళ్ళ పుండైతది."

వంటింటి గోడ నుంచి పీకేటప్పుడు నన్నెవరూ అడగలేదు, చెట్టులో దిగ్గొట్టేటప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఉండిపొమ్మనేటప్పుడైనా ఒక మాట అడగవచ్చు. అదేం జరగలేదు. స్వరూప మామగారి కంచంలో మజ్జిగ పోసి, ఇక మీదట ఈ పెరట్లో ఏ చెట్టుకూ ఎవరూ మేకు కొట్టకూడదని చెప్పింది. ఆయన తలొంచుకుని అన్నం కలుపుకున్నారు.