పేపరు ఆయనది, మడత మాది

నారాయణగూడ ఫుట్‌పాత్ మీద తెల్లవారుజామున మేం పేపర్లు మడత పెడుతుంటే, నిన్నటి పేపరు పట్టుకుని అనసూయమ్మ వచ్చింది. చిక్కడపల్లిలో నాలుగిళ్లలో పని చేస్తుంది.

"అన్నా, నా బిడ్డ మీద ఏం రాసిండ్రో జర సదివి చెప్పు."

నా చదువు మూడో తరగతి. కూడబలుక్కుని చదివాను. సెల్‌ఫోన్ మోజు. పదహారేళ్లకే గర్భం. తల్లి పెంపకం... అక్కడ ఆగిపోయాను.

ఫొటోలో పిల్ల ముఖానికి మసక వేశారు. ఎంత మర్యాదో! వెనక ఇంటి తలుపు, దాని మీది నంబరు మాత్రం చక్కగా అచ్చేశారు.

"కాలేజి పేరుందా?"

"లేదమ్మా."

"పిల్లను చెరిచిన ఆ లెక్కల సారు పేరు?"

"లేదు."

ఎలా ఉంటుంది? అశోక్‌నగర్‌లో పిల్ల చదివే కాలేజీ రామచంద్రరావుది. పేపరూ ఆయనదే. సాయంత్రం ఇదే కథను అరిచి చెప్పే టీవీ కూడా ఆయనదే. తల్లి సారు మీద కేసు పెట్టిన నాలుగో రోజున ఈ వార్త పుట్టింది. పరువు పోయిందంటూ కాలేజీ హాల్‌టికెట్ ఆపేసింది. సోమవారమే పరీక్ష.

"రాస్తనంటుంది పొల్ల. పుస్తకం కింద పెడ్తలేదు" అంది తల్లి.

పేపరు కొనడానికి వచ్చిన స్వరూప అంతా వింది. హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది.

"నిన్న ఈ వార్తకు గీత గీసిన తాతా. సామాజిక సమస్య, కారణం సెల్‌ఫోన్ అని నోట్సు గూడ రాస్కున్న. థూ, నా చదువు!"

ఆ సాయంత్రం లైబ్రరీ ముందు కూర్చున్నాం. పేపర్లేసే వాళ్లం, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, హాస్టల్ పిల్లలు.

"మనం పేపర్లేసే లైను పీకేస్తరు. మనకెందుకే?" అన్నాడు నాతో పేపర్లేసే పీరయ్య.

"నీకు బిడ్డ లేదా?" అంది అనసూయమ్మ.

నేను ఒక్క మాటే అన్నాను. "రేపు ఆయన కాలేజి కరపత్రం పేపర్లల్ల పెట్టేది మన చేతులే. పేపరు ఆయనది. మడత మనది."

మా కరపత్రం స్వరూప రాసింది. పిల్ల పేరు లేదు. కాలేజీ పేరుంది, సారు పేరుంది, యజమాని పేరుంది. హాల్‌టికెట్ ఇవ్వాలని ఉంది. జిరాక్సు తీశాం. మర్నాడు కాలేజీ కరపత్రాలు గోనెసంచిలో ఉండిపోయాయి. మా కాగితం ఇంటింటికీ వెళ్లింది.

ఏడింటికి ఏజెంటు జోగారావు ఊగిపోతూ వచ్చాడు. "మా పేపర్లో పెట్టి మమ్మల్నే తిడతార్రా? ఎవడు పెట్టాడు?"

"నేనే" అన్నాను.

"నేను గూడ" అన్నాడు పీరయ్య. ఆ తర్వాత ఫుట్‌పాత్ మొత్తం అంది.

పదింటికి కాలేజీ గేటు ముందు మూడు వందల మంది కూర్చున్నారు. రెండింటికి హాల్‌టికెట్ బయటికి వచ్చింది. చేతికివ్వలేదు, గేటు సందులోంచి విసిరారు. అనసూయమ్మ ఏరుకుని కొంగుతో తుడిచింది.

పోలీసులు నన్నూ పీరయ్యనూ వ్యానెక్కించారు. టీవీలో మేం రౌడీలం. సారు ఊసే లేదు.

మర్నాడు పొద్దున, స్టేషన్‌లో కేసులు రాసే రైటరు ఇంటి నుంచి తెచ్చుకున్న పేపరు విప్పాడు. మా కాగితం జారిపడింది.

"ఎక్కడుంటరు సారూ?" అడిగాడు పీరయ్య.

"అంబర్‌పేట."

అంబర్‌పేటకు మేం వెళ్లనే లేదు. వంగి చూశాను. కింద పెన్నుతో ఎవరో కొత్త లైను చేర్చారు. కూడబలుక్కుని పైకే చదివాను.

"లెక్కల సారు ఇంకా పాఠం చెప్తున్నడు. సోమవారం గేటు కాడికి రండి."