బాగేపల్లి చీరలు, అడిలీన్ ఓడ

మా ముందుగదిలో ఓడ ఉంది. చెరువులో నీళ్ళుంటేనే గొప్ప అనుకునే చింతామణిలో, నాలుగడుగుల పొడవున, మూడు పొగగొట్టాలతో ఓడ. మా ఆయన వెంకటాచలపతి చేశాడు. పట్టుపురుగులు గూళ్ళు కట్టుకోవడానికి రైతులు ఇదివరకు వెదురు చంద్రికలు వాడేవాళ్ళు. ప్లాస్టిక్‌వి వచ్చాక పాతవి పొయ్యిలో పెడుతున్నారు. ఈయన వాటిని అడిగి తెచ్చుకుని, చీల్చి, నానబెట్టి, వంచి, ఎనిమిది నెలలుగా దీన్ని కడుతున్నాడు. పేరు అడిలీన్. అసలు ఓడను కట్టించిన దొరలు కూడా ఏరికోరి ఆడపేరే పెట్టారు.

డెబ్బై ఏళ్ళదానికి వెదురుబద్దల మీద అసూయేమిటని నవ్వుతారేమో, నవ్వండి. ఆయనకు మతిమరుపు మొదలై రెండేళ్ళయింది. మా అంగట్లో ఒకే మనిషిని మూడుసార్లు పేరడిగాడని మా కొడుకు పునీత్ ఇంటిపట్టునే ఉండమన్నాడు. పొద్దున తిన్న దోసె మధ్యాహ్నానికి గుర్తుండదు. మొన్న నన్ను పూలమ్మే ఆవిడ అనుకుని "ఈపొద్దు వద్దు, పోమ్మా" అన్నాడు. అదే మనిషి ఓడ సంగతికి వచ్చేసరికి తడుముకోడు. నా పేరు జారిపోయే బుర్రలో దాని పొగగొట్టాలు నిలిచాయంటే ఒళ్ళు మండదా?

ఎవరొచ్చినా అదే కథ. పాలవాడొచ్చినా, కరెంటు బిల్లు మనిషొచ్చినా కూర్చోబెట్టి మొదలుపెడతాడు. అడిలీన్‌ను నీళ్ళలోకి దించినప్పుడు తెల్లగా పాలనురుగులా ఉండేదట. బొంబాయి నుంచి లండనుకు దొరల్నీ దొరసానుల్నీ తీసుకుపోయేది. భోజనాల హాల్లో అద్దాల దీపాలు, సాయంత్రమైతే బ్యాండు, డాన్సు. యుద్ధం రాగానే దానికి బూడిదరంగు పూశారు. కిటికీలకు నల్లరంగు కొట్టి, పైన ఫిరంగులు బిగించి, డాన్సులాడిన చోట సిపాయిల్ని వరసగా పడుకోబెట్టారు. సూయెజ్ దాటాక వెనకభాగాన బాంబు పడితే కుంటుకుంటూ రేవు చేరింది. యుద్ధమయ్యాక బతికినవాళ్ళను ఇళ్ళకు చేర్చింది. మళ్ళీ తెల్లరంగు వేశారు గానీ దీపాలు తిరిగి పెట్టలేదు. విమానాలొచ్చాక ఎక్కేవాళ్ళు తగ్గి, చివరికి బొంబాయిలోనే ముక్కలు చేసి పాత ఇనుముకు అమ్మేశారు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ వినేదాన్ని. ఆ ఆఖరి ముక్క మాత్రం చెవికి ఇంపుగా ఉండేది.

"నా సవతి" అని దానికి పేరుపెట్టాను. రక్షిత పకపకా నవ్వేది. రక్షిత మా మనవరాలు, చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదువుతోంది. దానికి తెలియదు, ఆ మాట నేను ఊరికే అనలేదని.

నేను ఈయనకు రెండో భార్యను. మొదటామె హనుమక్కది బాగేపల్లి. కాపురానికి వచ్చిన మూడేళ్ళకే కామెర్లతో పోయింది. మరుసటి ఏడాది నన్ను చేసుకున్నాడు. రెండో పెళ్ళామంటే మా వైపు ఒక ఆచారం ఉంది. తాళితోపాటు పోయినామె పేరున చిన్న బంగారు బిళ్ళ మెడలో వేసుకోవాలి. కొత్తచీర ఏది వచ్చినా ముందు ఆమె పటం దగ్గర పసుపు కుంకుమతో పెట్టి, ఆమెకు చూపించి, తరువాతే కట్టుకోవాలి. యాభై ఏళ్ళలో నేను ఒక్క కొత్తచీర కట్టి ఎరగను. అన్నీ ఆమెవి అయ్యాకే నావి. మట్టితో చేసిపెట్టినా సవతి సవతే అంటారు, నాది మెడలోనే వేలాడుతోంది.

కాలేజీలో ప్రదర్శన ఉందని, ఓడను తీసుకుపోతానని రక్షిత మొన్న సోమవారం వచ్చింది. ముందు పెట్టడానికి ఒక అట్టముక్క మీద రాయాలట. "ఏం రాయల్ల తాతా?" అంది. ఆయన ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

"ఈ ఓడలో యుద్ధానికి పోయి తిరిగొచ్చిన బాగేపల్లి నంజప్పగారి జ్ఞాపకంగా. అట్లా రాయమ్మా."

నా చేతిలో చెంబు ఉంది. కింద పెట్టాను. నంజప్ప అంటే హనుమక్క నాయన. ఎనిమిది నెలలుగా నా ముందుగదిలో కూర్చున్నది ఎవరిదో అప్పుడర్థమైంది. పడుచుదనంలో ఆమె చెప్పి ఉంటుంది, మా నాయన ఇట్లా ఓడెక్కినాడు అని. ఈయన ఆ మాటల్ని యాభై ఏళ్ళు దాచుకుని, అన్నీ మరిచిపోయే వయసులో వాటిని మాత్రం పట్టుకుని, నా ఇంట్లో ఆమెకు గుడి కడుతున్నాడు. 

"రక్షితా, ఆ ఓడ యాడికీ పోదు" అన్నాను. "రేపు దాన్ని నీళ్ళకాగు కింద మంటకు పెడతా."

"ఏమైంది అవ్వా నీకు?"

"బాగేపల్లికి పోయొస్తా. ఆ ఇంటోళ్ళ ఓడ వాళ్ళనే ఎత్తుకుపొమ్మంటా. రాకపోతే పొయ్యే దానికి గతి."

ఆయన గమ్ముతో పొగగొట్టం అతికిస్తూ ఉన్నాడు. 

మర్నాడు చేళూరు మీదుగా పోయే బస్సెక్కాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బాగేపల్లిలో కాలు పెట్టడం అదే మొదలు. పండగలకు పిలిచేవాళ్ళు, పోలేదు. నంజప్ప బతికినంతకాలం ఏటా ఉగాదికి ముందు చేతిసంచిలో చీర పెట్టుకుని మా గడప దగ్గరకు వచ్చేవాడు. కూతురి పటానికి పెట్టుకోవడానికి తెచ్చాడు, పెట్టుకోనీ అనుకునేదాన్ని. చీర అందుకుని, "ఆయన అంగట్లో ఉండారు" అని తలుపు వేసేదాన్ని. చీరను పటం దగ్గర పెట్టి, మరునాడు ఏ ముత్తయిదువకో ఇచ్చేసేదాన్ని. ఇరవై రెండేళ్ళు, ఇరవై రెండు చీరలు. ఒక్కదాని మడత విప్పి చూడలేదు.

హనుమక్క తమ్ముడు ఆంజనప్ప నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తెల్లజుట్టు మనిషి. "అక్కా, రా రా. ఇన్నాళ్ళకు వచ్చినావు" అన్నాడు. నేను కూర్చోలేదు. నోటికొచ్చినట్టు అనేశాను, ఓడ సంగతి, అట్టముక్క సంగతి, మీ అక్క చెప్పిన కతలు నా ఇంట్లోకెందుకన్న సంగతి.

ఆంజనప్ప అంతా విన్నాడు. "మా అక్కకు ఓడ సంగతే తెలీదు గదక్కా" అన్నాడు.

"తెలీకుంటే మా ఆయనకెట్లా తెలిసింది?"

"మా నాయన యుద్ధం మాట ఇంట్లో ఎత్తనే లేదు. అమ్మకు చెప్పలా, అక్కకు చెప్పలా, నాకూ చెప్పలా. అక్క పోయినంక, ఏమనిపించిందో ఏమో, 'నాకు ఇంకో కూతురుండాది చింతామణిలో, దానికన్నా చెప్పుకోవల్ల' అనేటోడు. చీర ఎత్తుకుని నీ దగ్గరికే వచ్చేది. తిరిగొచ్చి, 'ఈ తూరి కుదర్లేదు, అల్లునికి చెప్పినా, ఆయమ్మి అడిగితే ఆయన చెప్తాడు లే' అని పండుకునేది."

"చీర మీ అక్కకు గదా?"

"చచ్చిపోయినామెకు ఏటేటా చీరెందుకక్కా? పుట్టింటి చీర, నీకు."

అప్పుడు కూర్చున్నాను. వాళ్ళింట్లో ఇచ్చిన కాఫీ తాగానో లేదో గుర్తులేదు. నా పేరున వచ్చిన చీరల్ని నా చేత్తోనే సవతికి పెట్టి, పైగా ఆమెనే తిట్టుకున్నాను. గడప బయట నిలబెట్టిన మనిషి అంగడి బల్ల మీద కూర్చుని, నాకు చెప్పవలసినదంతా ఈయన చెవిలో పోసి పోయాడు. ఇప్పుడు ఈయన మీదే అసూయ పుట్టింది. నా నాయన మాటలు వినే భాగ్యం నాకు లేకపోయింది, ఈయనకు దక్కింది. నా గుణం అంతే, ఎక్కడో ఒకచోట మండకపోతే తోచదు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఆయన ఓడ పక్కన పీట మీద ఉన్నాడు. నేనూ నేలమీద కూర్చున్నాను.

"నంజప్ప నాయన మీకు చెప్పింది నాకు చెప్పండి" అన్నాను. "ఓడ కత కాదు. ఆయన కత."

ఆయన మొహం విప్పారింది. బొంబాయిలో ఎక్కాడన్నాడు. మిలిటరీ వంటవాడు, అప్పటికి ఇరవై రెండేళ్ళ వయసు. అద్దాల దీపాలు తీసేసిన హాల్లో కొక్కేలు మాత్రం మిగిలితే, వాటికి సంచి తగిలించి కింద పడుకున్నాడు. పక్కన నాగరగెరె వైపు పిల్లోడొకడు దోస్తు అయ్యాడు, తెలుగు మాట్లాడేవాడు దొరికాడని ఇద్దరూ రాత్రంతా ముచ్చట్లు. బాంబు పడిన రోజు ఆ పిల్లోడు వెనకభాగంలో ఉన్నాడు. నంజప్ప మెట్లు దిగి పరిగెత్తాడు.

మా ఆయన అక్కడ ఆగాడు. వెదురుబద్ద చేతిలో తిప్పాడు. 

"దిగి?"

"దిగి..." కళ్ళు నా మొహం మీద తిరిగాయి. ఎక్కడో చూసిన మనిషిని పోల్చుకుంటున్నట్టు చూసి, ఉన్నట్టుండి నవ్వాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకేసి అట్లా నవ్వలేదు.

"నీకు తెలీనిదేముండాది హనుమక్కా" అన్నాడు. "మీ నాయనే గదా. నీకు చెప్పినా గదా."

 నేను అంబుజమ్మనని అరిచి చెప్పాలనిపించింది. చెబితే ఆ నవ్వు పోతుంది, కతలో మెట్లు దిగిన నంజప్ప కూడా అక్కడే ఆగిపోతాడు. ఆ పిల్లోడికి ఏమైందో, ఆ ముసలాయన నాకేం చెప్పాలని ఇరవై రెండేళ్ళు మా గడప దాకా నడిచాడో చెప్పేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

"లేదు, హనుమక్కకు ఇంకా చెప్పలేదు మీరు" అన్నాను. "చెప్పండి, వింటాను."

ఆయన పీట నా దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టాడు.