కరివేపాకు కుండీలో కాంగో

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఫోను ఛార్జింగుకి పెడితే తెల్లారేసరికి దాని కింద చెంచాడు మట్టి రాలి ఉండేది. ఎవరింట్లోనైనా అంతే. జనం ఫోను కింద ఓ సాసరు పెట్టుకునేవారు, పొద్దున్నే ఆ మట్టిని చెత్తబుట్టలో దులిపేసి కాఫీ కలుపుకునేవారు. అది కాంగో మట్టని అందరికీ తెలుసు. ఫోను లోపలి కోబాల్టు అక్కడిదే కదా మరి!

నరసాపురం నుంచి చదువుకోడానికొచ్చిన కరోలిన్‌కి మాత్రం ఆ మట్టి పారెయ్యాలంటే ప్రాణం ఒప్పేది కాదు. నర్సరీలో కొన్న కరివేపాకు మొక్క అక్కడి చలికి ఎండుపుల్లై మిగిలితే, దాని మొదట్లో పోసింది. మొక్క ఏపుగా లేచింది. ఆదివారం చర్చి అయ్యాక కరివేపాకు కోసం తెలుగువాళ్లంతా ఆమె ఇంటికే వచ్చేవారు.

"ఏం మాయ చేశావే కరోలిన్! మా బ్యాక్‌యార్డులో రెండేస్తే రెండూ చచ్చూరుకున్నాయి," అనేది మరియరాణి ఆంటీ, రెబ్బలు సంచిలో కుక్కుకుంటూ.

"మాయేం లేదాంటీ, ఫోన్ మట్టే. మీరు బిన్‌లో పోస్తారు, నేను కుండీలో పోస్తాను."

పక్కగదిలో ఉండే క్లెమెంటీన్‌ది కాంగోయే, కొల్వేజీ అనే ఊరి దగ్గర. ఆమె తమ్ముడు పాస్కల్ గోతుల్లో దిగి కోబాల్టు రాయి తవ్వేవాడు. మొన్నటి వానలకి గొయ్యి కూలింది, మనిషి జాడ లేదు. తల్లి ఇంకా వాడొస్తాడనే కూర్చుంది. పెద్దన్నేమో తనే దిగి వెతుకుతానని పట్టుబట్టాడు.

యూనివర్సిటీలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన ప్రెజెంటేషన్ కాంగో దేశ పరిచయం. వినడానికి ఓ గనుల కంపెనీవాళ్లు వస్తున్నారు, నచ్చితే ఉద్యోగమిస్తారు. కరోలిన్ ఒళ్లు దాచుకోకుండా స్లైడ్లు చేసింది. విస్తీర్ణం, నది, అడవి, రాగి, కోబాల్టు, వజ్రాలు.

"పాస్కల్ మీద ఒక్క స్లైడు పెడదామా?" అంది క్లెమెంటీన్.

"ఓవర్‌వ్యూలో మనుషులు జనాభా కింద వస్తారు, క్లెమీ." అన్నాక కరోలిన్ నాలుక కరుచుకుంది గానీ, స్లైడు మాత్రం పెట్టలేదు.

ప్రెజెంటేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం కుండీ ఇరుకైందని మొక్కని పైకి లాగింది. వేళ్ల మధ్య ఓ పతకం చిక్కుకుని ఉంది. నీలం దారం, అరిగిపోయిన మరియమ్మ బొమ్మ. క్లెమెంటీన్ మెళ్లోనూ అలాంటిదే ఉండేది. రెండోది తమ్ముడికిచ్చానని, వాడు స్నానానికి కూడా తియ్యడని ఎన్నిసార్లు చెప్పిందో.

కరోలిన్ క్లెమెంటీన్ గది తలుపు దాకా వెళ్లి ఆగింది. ఇప్పుడు చెప్తే రేపు ఆ పిల్ల నోట మాట రాదు, ప్రెజెంటేషన్ గంగలో కలుస్తుంది. ఉద్యోగం లేకపోతే వీసా లేదు. ఒక్కరోజు ఆగి చెప్తే కొంపలేం మునగవు, పోయినవాడు ఎలాగూ పోయాడు. ప్రభువా క్షమించు అనుకుని పతకాన్ని జీన్స్ జేబులో వేసుకుంది. తప్పు చెయ్యబోయే ముందే క్షమాపణ అడిగేసుకోవడం మనవాళ్లకి బాగా అలవాటు.

మర్నాడు క్లెమెంటీన్ చక్కగా మాట్లాడింది. ఆఖర్న, "మా తమ్ముడు అక్కడే పనిచేస్తున్నాడు," అని నవ్వుతూ చెప్పింది. చప్పట్లు మోగాయి. కంపెనీ ఆయన కరోలిన్‌ని పక్కకి పిలిచి సోమవారం ఆఫీసుకి రమ్మన్నాడు.

కార్ పార్కులో కరోలిన్ పతకం తీసి ఆమె చేతిలో పెట్టింది. క్లెమెంటీన్ దాన్ని బొటనవేలితో తుడిచి చూసింది.

"ఎప్పుడు దొరికింది?"

"నిన్న."

 అన్నని దిగనివ్వొద్దని చెప్పడానికి క్లెమెంటీన్ గబగబా ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ల భాషలో రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. అవతలి గొంతు ఎంతకీ ఆగడం లేదు.

"అన్న నిన్న సాయంత్రమే దిగాడట," అంది ఇంగ్లీషులో, ఎటో చూస్తూ. "గొయ్యి మళ్లీ కూలిందట."

కరోలిన్ ఏదో చెప్పబోయింది.

"నువ్వు మాట్లాడకు," అంది క్లెమెంటీన్. "అమ్మ ఏడుస్తోంది, నన్ను విననీ."