ఎర్సీలియా వదిన వంటగది కింద

మా ఊళ్లో నేల తవ్వేటప్పుడు అందరూ వేడుకునేది ఒకటే, రాయి తగలకూడదని. తగిలిందంటే అది రోమన్లదే. మేం నడిచే బాట వాళ్లదే, ఊరి కుళాయికి నీళ్లొచ్చే కాలువా వాళ్లదే. ఆ రెంటితో పేచీ లేదు. కొత్తగా ఏదైనా బయటపడితేనే చిక్కు. పురావస్తుశాఖకు చెప్పాలి. చెబితే పని ఆగుతుంది. ఆగిన పని మళ్లీ ఎప్పుడు సాగుతుందో పోప్‌గారిక్కూడా తెలియదు. అందుకే మావాళ్లు రాయి కనపడగానే మట్టి కప్పేసి పైన ద్రాక్షతీగ నాటేస్తారు. చర్చి ఫాదర్‌గారి పెరడైతే ఏకంగా ద్రాక్షతోటే.

మా అన్న నజ్జరేనో భార్య ఎర్సీలియా వదినకు ఇంటి ముందుభాగంలో భోజనశాల తెరవాలని ఏళ్లనాటి కోరిక. సెయింట్ రోకో పండుగకి ముహూర్తం పెట్టుకుంది. వంటగది నీళ్లు పోయేందుకు గొట్టం వేయడం ఒక్కటే మిగిలింది. నేనూ అన్నా గడ్డపారలు పట్టాం. మోకాలిలోతులో ఠంగుమంది.

"గడ్డపార జారిందిలే," అన్నాడు అన్న.

"అవును, రెండు వేల ఏళ్ల వెనక్కి జారింది," అన్నాను.

ఇటుకల కమాను. దానికింద మనిషి దూరేంత కాలువ. వదిన తొంగిచూసి తల పట్టుకుంది.

"ఈ రోమన్లకి నా వంటగది తప్ప వేరే చోటే దొరకలేదా?"

అన్న అప్పటికే ద్రాక్షమొక్క పట్టుకొచ్చాడు.

"వంటింటి మధ్యలో ద్రాక్షతీగేంటయ్యా, నీ బుర్ర మండ!"

చివరికి గుంతమీద చెక్క పరిచి, దానిమీద బల్ల వేసి, నేలదాకా గుడ్డ కప్పాం.

పండుగ వారం ఉందనగా ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. వీధి ఏరైంది. తడిసిముద్దై మా గుమ్మంలోకి ఉరికిందెవరో చూస్తే, పురావస్తుశాఖ అధికారిణి! కిందటేడు పంచాయతీ గోడ ఆపించిన మనిషే. ఆమె వెనకే వాననీళ్లూ లోపలికొచ్చి, బల్లకిందికి దూరి, గుడగుడమంటూ మాయమయ్యాయి.

"ఆ చప్పుడేంటండీ?" అందామె.

"నా కడుపండీ. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు," అన్నాడు అన్న.

వదిన అన్నవంక ఒక చూపు చూసి, బల్ల పక్కకి లాగేసింది.

"ఇదిగోండమ్మా. ఊరంతా మునిగినా నా ఇల్లు మునగలేదు. కట్టిన మహానుభావులెవరో వచ్చుంటే ఈపాటికి విస్తరేసి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు నా తలుపు మూయిస్తారా?"

అధికారిణి మంచి బట్టలతోనే తడినేలమీద బోర్లా పడుకుని, లైటు వేసి చూసింది. లేచేసరికి ముఖమంతా బురద, దాంతోపాటే నవ్వు.

"ఇంకా పారుతోంది తల్లీ! దీన్ని ముట్టుకోకు. నీ గొట్టం సందువైపు తిప్పుకో. దీనిమీద గాజుపలక వేయించు, జనం చూడాలి. కాగితాలు నేను చూసుకుంటాను. ముందు ఈయన కడుపు సంగతి చూడు, నాదీ అలాగే మోగుతోంది."

పండుగనాడు ఊరంతా వదిన ఇంట్లోనే. చేతిలో పాస్తా, కళ్లు కాళ్లకింది గాజుపలకమీద. వైను ఎంత పోసినా చాలలేదు. వదిన మొహం వెలిగిపోతోంది.

మర్నాడు పొద్దున్నే వీధంతా పారల మోత. తలుపు తీసి చూశాను. ఫాదర్‌గారితో సహా అందరూ ద్రాక్షతీగలు పీకుతున్నారు.