అయిదు సెకన్లు

నాలుగోసారి కూడా జవాబు వెంటనే వచ్చింది. అయిదోసారి రాలేదు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, తెర మీద మిణుకుమంటున్న గీతను చూస్తూ పెదవులతో లెక్కపెట్టాడు. సరిగ్గా అయిదు సెకన్లకు వచ్చింది.

“మళ్ళీ ఒకసారి” అని గొణుక్కున్నాడు.

ఆ మాట మూలానే ఆఫీసంతా ఆయన్ని ‘మళ్ళీగారు’ అంటుంది. అది అంబులెన్సుల కోసం వచ్చే ఫోన్లు ఎత్తే ఆఫీసు. గాజుగోడకు అవతల ఇరవైమంది చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మాట్లాడుతుంటారు. ఇవతల చల్లటి గదిలో వాళ్ళ ప్రోగ్రాములను కనిపెట్టుకుని ఉండటం ఈయన పని. ఒక్కో ప్రోగ్రామూ కంప్యూటర్లో దానికంటూ కట్టిన గదిలాంటి ఒక్కో కంటెయినర్లో ఉంటుంది. కంటెయినర్లు పోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి, పుట్టిన ప్రతిసారీ నంబరు మారుతుంది. అందుకని ఒకదాన్నొకటి పేరుతోనే వెతుక్కుంటాయి. పేరు అడిగితే నంబరు చెప్పేది డీఎన్‌ఎస్. బయటి పేర్లయినా దాన్నే అడగాలి. అలాంటి డీఎన్‌ఎస్‌లు అక్కడ మూడున్నాయి, అడిగిన ప్రతిసారీ వాటిలో ఏదో ఒకటి పలుకుతుంది.

ఈ పని ఆయనకు కొత్త కాదు. ఇరవై రెండో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరి, పేరు చెప్పినవాళ్ళకు నంబరు చెబుతూ పదకొండేళ్ళు గడిపాడు. ఒకరోజు ఎవరో ఆసుపత్రి నంబరు అడిగితే పాత పుస్తకంలోది చెప్పాడు. పొరపాటు తెలిసి పావుగంట తర్వాత తనే ఫోన్ చేస్తే, “ఇక అక్కర్లేదండీ” అని అవతలి మనిషి మెల్లగా పెట్టేశాడు. ఇంటి తాళం మూడుసార్లు లాగి చూడటం అప్పట్నించీ పట్టుకుంది. భార్య ఆయన కోసం ఆగడం మానేసి మెట్లు దిగిపోతూ ఉంటుంది.

మేనేజరు వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది. కూతురి వయసుది. “అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా బాబాయ్! హెల్త్ చెక్ ఓకే అంటోంది.”

“అది బతికున్నావా అనడుగుతుందమ్మా. ఇది ఉన్నానంటుంది. అడిగినదానికి బదులు చెబుతోందా లేదా అన్నది దానికి పట్టదు.”

“మూడింటికి మీకు గుండె పరీక్షట కదా. మీ అమ్మాయి నాక్కూడా ఫోన్ చేసింది. ఇది రేపు చూద్దాం, బయల్దేరండి.”

ఆయన తలూపాడు. సంచి తీసుకున్నాడు, పెట్టేశాడు. గాజుగోడ దాకా నడిచాడు. అవతల ఒకమ్మాయి పెన్నుతో బల్ల మీద టకటకా కొడుతూ, “లైన్లోనే ఉండండమ్మా... మ్యాప్ తెరుచుకుంటోంది... పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టండి” అంటోంది. ఆయన లెక్కపెట్టాడు. అయిదు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

మూడింటినీ విడివిడిగా అడిగాడు. లోపలి పేర్లకు మూడూ ఠక్కున చెప్పాయి. బయట ఉన్న మ్యాప్ పేరు అడిగితే మూడోది నీళ్ళు నమిలింది. అది నడుస్తున్న మెషీన్‌లో, బయటి పేర్ల కోసం ముందుగా అడగాల్సిన చిరునామా పాతది. ఆ సర్వరును పోయిన వారమే ఆపేశారు. లేనివాణ్ణి పిలిచి, అయిదు సెకన్లు ఎదురుచూసి, అప్పుడు రెండోవాణ్ణి అడుగుతోంది.

ఫోన్ మోగింది. “నాన్నా, మూడున్నరయింది. ఎక్కడున్నావ్?”

“ఆఫీసులోనే తల్లీ. రేపు పొద్దున్నే వెళ్తా. ఒట్టు.”

“నీ ఒట్లు నాకు తెలీవూ! మూడోసారి ఎగ్గొట్టావ్” అందామె. కోపంగా మొదలుపెట్టి, చివరికి నవ్వేసింది.

మేనేజరు దగ్గర అనుమతి తీసుకుని పాత చిరునామా చెరిపేశాడు. మూడోదాన్ని ఆపి మళ్ళీ లేపాడు. యాభైసార్లు అడిగాడు. యాభైసార్లూ రెప్పపాటులో పలికింది.

గాజు తలుపు తెరుచుకుని ఆ పెన్నమ్మాయి తల లోపలికి పెట్టింది. “మళ్ళీగారూ, మ్యాప్ టక్కుమని వచ్చేస్తోందేంటండీ?”

“వస్తోందా? మళ్ళీ ఒకసారి చూడమ్మా.”

“మధ్యాహ్నం ఆ పాప బానే ఉందట. ఇందాకే ఫోన్ చేశారు” అని వెళ్ళిపోయింది. ఆయన కాసేపు ఏమీ అడగకుండా, ఏమీ నొక్కకుండా కూర్చున్నాడు.

సాయంత్రం బస్టాపు పక్క కొట్లో బల్బు కొన్నాడు. వాళ్ళ మేడమెట్ల దగ్గరది మాడిపోయి రెండు రోజులైంది. కొట్టువాడు వెలిగించి చూపిస్తే, ఇంకోసారి వెలిగించమన్నాడు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎండ ముఖం మీద పడుతోంది. ఎడమచేయి బరువుగా ఉంటే ఒళ్ళో పెట్టుకుని, తల కిటికీకి ఆనించాడు.

చివరి స్టాపులో అందరూ దిగారు. కండక్టరు వచ్చి, “పెద్దాయనా, వచ్చేశాం” అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి డ్రైవరును కేకేశాడు.

ఆయన్ని దించాక సీటులో అట్టపెట్టె మిగిలింది. లోపలి బల్బు చెక్కుచెదరలేదు. ఆయన వేళ్ళు పట్టుకున్న మూల మాత్రం చెమటకు నాని మెత్తబడి ఉంది.